నలభై అయిదేళ్ల మనిషిని కుర్రాడన్నారు

పోకర్ లోకం స్టూ అంగర్ కథను ఎప్పుడూ ఒకేలా చెబుతుంది. న్యూయార్క్ వీధుల్లోంచి వచ్చిన బక్కపలచని కుర్రాడు. చదువు అబ్బలేదు గానీ పేకముక్క చేతికొస్తే ఎదురులేదు. లాస్ వేగాస్‌లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. అందరూ ముద్దుగా 'ది కిడ్' అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి రెండు ముక్కలు: మత్తుమందులు, అర్ధాంతరపు చావు. ఆఖర్న 'అలాంటి మేధావి మళ్లీ పుట్టడు' అని ఒక నిట్టూర్పు. పోయాక ఆయన మీద పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది, 2001లో పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు ఎక్కింది.

ఈ కథ మీద నాకు చెప్పలేనంత కోపం ఉంది. ఇందులో సంఘటనలన్నీ నిజమే. కానీ ఇందులో బాధ్యులెవరూ కనిపించరు. ఒక మనిషి పాతికేళ్లపాటు పదిమంది కళ్లెదుట కూలిపోయాడు. ఆ పదిమందిలో చాలామందికి ఆయన ఆటలో వాటా ఉంది, లేదా ఆయన ఆడే బల్ల వల్ల వ్యాపారం ఉంది. ఆ వాటాలన్నిటినీ కప్పిపెట్టిన దుప్పటి ఆ ముద్దుపేరు. కుర్రాడు కదా, అలాగే ఉంటాడు. కుర్రాడు కదా, వాడంతే. ఇదీ ఆ పేరు చేసిన పని.

మొదట్నుంచీ చూడండి. 1953 సెప్టెంబరులో మన్‌హాటన్‌లో పుట్టాడు. తండ్రి ఇసిడోర్‌కి 'ఫాక్సెస్ కార్నర్' అని ఒక బారు ఉండేది. పేరుకే బారు, లోపల నడిచేది పందేల వ్యాపారం. తోటి పిల్లలు ఎక్కాలు వల్లెవేసే వయసులో ఈ పిల్లవాడు పందెం లెక్కలు వింటూ పెరిగాడు. పదేళ్లకే జిన్ రమ్మీ పోటీలో గెలిచాడు. 1967లో తండ్రి పోయాడు. తల్లి ఆరోగ్యం అంతంతమాత్రం. పదో తరగతిలోనే బడి మానేసి, పేకాట మీద ఇల్లు నడిపే పనిలో పడ్డాడు. అప్పుడు అతన్ని చేరదీసిన పెద్దమనిషి విక్టర్ రొమానో, జెనొవీస్ మాఫియా ముఠా మనిషి.

ఈ 'చేరదీయడం' గురించి పోకర్ కథకులు చాలా ఆర్ద్రంగా చెబుతారు. తండ్రిలా చూసుకున్నాడంటారు. చూసుకుని ఉండవచ్చు కూడా. కానీ తండ్రిలేని పిల్లవాడిలో అంతటి జ్ఞాపకశక్తి కనబడితే తండ్రిలాంటివాడు ఏం చేయాలి? బడికి పంపాలి. ఆ లోకంలో పెద్దవాళ్లు పిల్లవాణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టి, వెనక నిలబడి డబ్బు కాశారు. ఆ రోజు నుంచి చనిపోయిన రోజు వరకూ ఆయన వెనక డబ్బు కాసేవాళ్లు మారారు గానీ ఆ ఏర్పాటు మారలేదు.

ఆయన ప్రతిభను నేను ఒక్క పిసరు కూడా తగ్గించి చెప్పను. రమ్మీ తెలిసిన తెలుగువాళ్లకి అది ఎంత గొప్పదో వెంటనే అర్థమవుతుంది. మన పదమూడు ముక్కలాటలో అయిదారుగురు కూర్చుంటారు, జోకర్లుంటాయి, ఒకటికి రెండు కట్టలు కలుపుతారు, కాబట్టి ఎదుటివాడి చెయ్యి ఎంతైనా మసకమసగ్గానే ఉంటుంది. జిన్‌లో ఇద్దరే. ఒకే కట్ట, చెరో పది ముక్కలు. ఎదుటివాడు ఏది ఎత్తాడు, ఏది వద్దన్నాడు, ఏది పడేసేముందు ఒక్క క్షణం ఆగాడు - ఇంతే చూసి అవతలి చేతిలో ఏముందో చెప్పగలిగేవాడు అంగర్. చివరికి అతనితో జిన్ ఆడేవాళ్లే దొరకలేదు. కట్టలో అడుగు ముక్క నువ్వు చూసుకో, నేను చూడకుండానే ఆడతానని బేరం పెట్టినా ఎవరూ కూర్చోలేదు. వేగాస్‌లో జిన్ పోటీలు పెట్టేవాళ్లు నువ్వొస్తే మిగతావాళ్లు రారయ్యా, దయచేసి రావద్దని బతిమాలుకునే స్థితి వచ్చింది. 1977లో క్యాసినో యజమాని బాబ్ స్టూపాక్ లక్ష డాలర్ల పందెం వేశాడు: ఆరు కట్టలు కలిపి సగం పంచేశాక, మిగిలిన 156 ముక్కలూ ఏవేవో లెక్క చెప్పాలి. చెప్పాడు. లక్ష డాలర్లు పుచ్చుకున్నాడు.

అంతటి బుర్ర. దానికి ఈ ప్రపంచంలో దొరికిన చోటు జూదపు బల్ల ఒక్కటే.

జిన్‌లో ఎదురు ఆడేవాళ్లు లేక పోకర్‌కి వచ్చాడు. వచ్చిన చోటు ఎలాంటిదో చెప్పాలి. ఫ్రీమాంట్ వీధిలో హార్స్‌షూ క్యాసినో, దాని యజమాని బెన్నీ బినియన్. డాలస్‌లో అక్రమ జూదం నడిపి, పన్ను ఎగవేత కేసులో జైలుకెళ్లొచ్చిన మనిషి. 1970లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలుపెట్టింది ఆయనే. అక్కడ ప్రతి ఆటగాడికీ ఒక రంగురంగుల పేరు. థామస్ ప్రెస్టన్ అంటే ఎవరికీ తెలియదు, 'అమరిల్లో స్లిమ్' అంటే అందరికీ తెలుసు. డోయల్ బ్రన్సన్ 'టెక్సస్ డాలీ'. ఆరున్నర అడుగుల జాక్ స్ట్రౌస్ 'ట్రీటాప్'. చిన్నప్పుడు ముక్కు విరగ్గొట్టుకున్న వాల్టర్ పియర్సన్ 'పగ్గీ'. 1972లో గెలిచిన స్లిమ్ టీవీ షోల్లో టోపీ పెట్టుకుని కూర్చుని కబుర్లు చెబుతుంటే అమెరికా ఇళ్లల్లో జనం పగలబడి నవ్వారు. అంతవరకూ ఊళ్లో పోలీసుల కంటపడకుండా తిరిగిన జూదగాళ్లు ఆ పేర్లతో ఇంట్లోకి, వంటగదిలోకి, పిల్లల మధ్యకి వచ్చేశారు. ఎదుటివాడి జీతం రాళ్లు గెలుచుకుని బతికే వృత్తికి బాబాయి ముఖం తొడిగింది ఆ పేర్లే. బినియన్‌కి ఈ సంగతి బాగా తెలుసు. పోటీ పెట్టిందే జనాన్ని క్యాసినోకి రప్పించడానికి.

1980లో 73 మంది తలా పదివేల డాలర్లు కట్టి కూర్చున్నారు. వాళ్లలో చూడ్డానికి స్కూలు పిల్లాడిలా ఉన్న అంగర్ చివరిదాకా వచ్చాడు. చివర్లో ఎదురుగా మిగిలింది అప్పటికే రెండుసార్లు గెలిచిన డోయల్ బ్రన్సన్. ఆ ఆఖరి ఆట చెబుతాను, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నదానికి దాంతో పని ఉంది. బ్రన్సన్ చేతిలో ఆఠీను ఆసు, ఇస్పేటు ఏడు. అంగర్ చేతిలో ఇస్పేటు అయిదు, నాలుగు. బల్ల మీద మొదటి మూడు ముక్కలు పడ్డాయి: ఆసు, ఏడు, రెండు. బ్రన్సన్‌కి రెండు జతలు కుదిరిపోయాయి. అంగర్‌కి ఏమీ లేదు. ఒక్క మూడు పడితే మాత్రం ఆసు నుంచి అయిదు దాకా వరస కుదురుతుంది. కట్టలో మూడంకె ముక్కలు నాలుగే. ఆ నాలుగింటి కోసం డబ్బు పెట్టి ఆగాడు. మరుక్షణం ఆఠీను మూడు పడింది. 3,65,000 డాలర్లు, ప్రపంచ ఛాంపియన్ బిరుదు, దాంతోపాటు 'ది కిడ్' అన్న పేరు.

మరుసటి ఏడు మళ్లీ గెలిచాడు. 75 మంది, 3,75,000 డాలర్లు. ఇక ఆ పేరు స్థిరపడిపోయింది. వయసు ముప్పై దాటింది, పెళ్లయింది, పిల్లలున్నారు, పెళ్లి చెడింది, 1989లో పెంచుకున్న కొడుకు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇన్ని జరిగినా బల్ల చుట్టూ ఉన్నవాళ్లకి ఆయన కుర్రాడే. గెలిచిన డబ్బు గుర్రాల మీద, స్పోర్ట్స్ బెట్టింగుల మీద, పాచికల మీద పోతోందని ఊరంతటికీ తెలుసు. కొకైన్ సంగతీ తెలుసు. రాత్రంతా మెలకువగా ఉండి ఆడాలంటే అది కావాలన్నది ఆ రోజుల్లో ఆ బల్లల దగ్గర రహస్యమేమీ కాదు. ఒక ఎకౌంటెంటు ఇలా అయితే ఆఫీసులో సెలవిచ్చి ఆసుపత్రికి పంపేవారు. ఒక బస్సు డ్రైవరు ఇలా అయితే స్టీరింగు దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఒక పెద్దమనిషి ఇలా అయితే కనీసం ఇంట్లోవాళ్లను పిలిచి మాట్లాడేవారు. కుర్రాడు కాబట్టి మళ్లీ పదివేలు కట్టి బల్ల ముందు కూర్చోబెట్టారు.

1990 సంగతి వినండి. అదే హార్స్‌షూ, అదే పోటీ. మూడో రోజు పొద్దున ఆట మొదలయ్యే వేళకి అంగర్ రాలేదు. వెతికితే హోటల్ గదిలో నేల మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. మత్తుమందు మోతాదు మించింది.

కింద హాల్లో ఆట ఆగలేదు. ఆయన కుర్చీ అలాగే ఉంది. కుర్చీ ముందు, మొదటి రెండు రోజుల్లో ఆయన గెలిచిపెట్టుకున్న చిప్స్ కుప్ప. పోకర్ పోటీలో ఒక నియమం ఉంది: ఆటగాడు వచ్చినా రాకపోయినా అతని వంతుకి ముక్కలు పంచుతారు, అతను కట్టాల్సిన తప్పనిసరి పందెం అతని చిప్స్‌లోంచి తీస్తారు, మనిషి లేడు కాబట్టి ఆ ముక్కల్ని తిరిగి లాగేసుకుంటారు. డీలరు ఖాళీ కుర్చీకి రెండు ముక్కలు విసురుతాడు. కుప్పలోంచి చెయ్యి చాచి చిప్స్ తీస్తాడు. ముక్కలు వెనక్కి తీసుకుంటాడు. మళ్లీ కలుపుతాడు, మళ్లీ పంచుతాడు. పక్కవాళ్లు తమ ముక్కలు చూసుకుంటారు. గంటలు గడుస్తాయి. ఆ కుప్ప కొంచెం కొంచెంగా తరుగుతుంది. అది ఎంత పెద్ద కుప్పంటే, ఇంతమంది ఎదురుగా కూర్చుని బుర్రలు బద్దలుకొట్టుకుని ఆడుతుంటే, మనిషే లేని ఆ కుర్చీ తొమ్మిదో స్థానం దాకా వచ్చింది. దానికి బహుమతి కూడా వచ్చింది.

దీన్ని పోకర్ లోకం ఆయన గొప్పతనానికి ఉదాహరణగా చెబుతుంది! స్పృహ లేకుండానే తొమ్మిదోవాడయ్యాడు చూడండి అంటుంది. నా ఒళ్లు మండేది ఇక్కడే. గదిలో ఒక మనిషి చావుకీ బతుక్కీ మధ్య పడి ఉంటే, ఆ మనిషికి ముక్కలు పంచుతూ పోయిన హాలు అది. ఆ వ్యాపారానికి ఆయన్నించి కావలసింది ఏమిటో ఆ కుర్చీ చెప్పేసింది. చిప్స్ ఉంటే చాలు. మనిషి ఐచ్ఛికం.

ఆ తర్వాత ఏళ్లూ పూళ్లూ అప్పుల్లోనే గడిచాయి. 1997 మేలో ఆయన దగ్గర ప్రవేశ రుసుముకి పదివేలు లేవు. చివరి నిమిషంలో బిల్లీ బాక్స్‌టర్ అనే పేరున్న ఆటగాడు కట్టాడు. ఒప్పందం: గెలిస్తే చెరి సగం. ఈ స్టేకింగ్ పద్ధతి ఆ లోకంలో మామూలే, చట్టవిరుద్ధమేమీ కాదు, బాక్స్‌టర్ దొంగచాటుగా దోచుకున్నవాడూ కాడు. నా కోపం ఆ ఒక్క మనిషి మీద కాదు, అలాంటి ఒప్పందాన్ని స్నేహమని పిలిచే లోకం మీద. ఆ ఏడు ఫైనల్ టేబుల్‌ని ఫ్రీమాంట్ వీధిలో ఆరుబయట, ఎడారి ఎండలో, టీవీ కెమెరాల ముందు వేశారు. అంగర్ గుండ్రటి నీలం అద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎండకి కాదు. కొకైన్‌తో లోపల గోడ కరిగి ముక్కు కుంగిపోయింది, అది కనబడకుండా. జేబులో కూతురి ఫొటో. వయసు నలభై మూడు. పత్రికలు ఆయనకి కొత్త పేరు పెట్టాయి: 'కమ్‌బ్యాక్ కిడ్'.

గెలిచాడు. 312 మందిలో మొదటివాడై మిలియన్ డాలర్లు గెలిచాడు. ఆఖరి ఆటలో మళ్లీ అదే జరిగింది. ఆయన చేతిలో ఆసు, నాలుగు. ఎదుటి జాన్ స్ట్రెంప్ చేతిలో ఆసు, ఎనిమిది. బల్ల మీద ఆసు, అయిదు, మూడు పడగానే స్ట్రెంప్ చిప్స్ అన్నీ మధ్యలోకి వెళ్లిపోయాయి. అప్పటికి స్ట్రెంప్‌దే పైచెయ్యి. తర్వాత ఇంకో మూడు పడింది, ఇంకా స్ట్రెంప్‌దే పైచెయ్యి. ఆఖరి ముక్క ఇస్పేటు రెండు. ఆసు నుంచి అయిదు దాకా వరస. ఆ ఒక్క ఆట పోయినా అంగర్ దగ్గర ఇంకా బోలెడు చిప్స్ ఉన్నాయి, ఆట కొనసాగేది, అది కూడా చెప్పడం న్యాయం. కానీ పేకలో అంతటి బుర్ర మరొకటి లేదని అందరూ ఒప్పుకునే మనిషి పదిహేడేళ్ల ఎడంలో రెండుసార్లు కిరీటం పెట్టుకున్నది ఎలాగో చూడండి. ఒకసారి కట్టలోంచి మూడు పడబట్టి, ఇంకోసారి రెండు పడబట్టి. ఏ ముక్క పడితే ఎంత లాభమో, ఎంత కాయాలో ఆయనకి తెలుసు. పడుతుందో లేదో ఆయనకీ తెలియదు.

ఆ రోజు టీవీ మైకు ముందు ఆయన ఒక మాటన్నాడు. పేకలో తనని ఓడించినవాడు లేడనీ, తనని ఓడించింది తన చెడ్డ అలవాట్లేననీ. పాతికేళ్లకు పైగా ఈ మాటని ఆయన సమాధి మీద రాతలా ఉటంకిస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆయన నిజాయితీగానే అన్నాడు, ఆ నిజాయితీకి దండం పెడతాను. కానీ నేరం ఒప్పుకున్నవాడు ఒక్కడైనంత మాత్రాన మిగతావాళ్లు నిర్దోషులు కారు. ఆ అలవాట్లకి సరుకు అందించిందెవరు? మిలియన్ డాలర్లు చేతికొచ్చిన జబ్బుమనిషి అదే వీధిలో గుర్రప్పందేల కౌంటరు ముందు నిలబడితే పందెం రాసుకున్నదెవరు? జూదవ్యసనం ఒక రోగమనీ, అది మత్తుమందుల వ్యసనాల కోవలోదేననీ అమెరికన్ మానసిక వైద్యులు 2013లో తమ ప్రామాణిక గ్రంథంలో వర్గీకరించారు. అంతకు ముందు తెలియదనడానికి లేదు, 1980లోనే దాన్ని జబ్బుల జాబితాలో చేర్చారు. ఆయన మొదటి టైటిల్ గెలిచిన ఏడాదే! ఒక రోగిని రోగం పుట్టే చోటే ప్రదర్శనకి పెట్టి, టికెట్లమ్మి, చివర్లో తప్పు నాదేనని రోగి చేత చెప్పించారు.

సగం పోగా ఆయనకి దక్కిన అయిదు లక్షల డాలర్లు కొద్ది నెలల్లో హారతి కర్పూరమయ్యాయి. 1998 పోటీకి బాక్స్‌టర్ మళ్లీ డబ్బు కట్టాడు. ఆట మొదలవడానికి కాసేపు ముందు తన చేత కాదని అంగర్ హోటల్ గదిలోంచి కిందికి దిగలేదు. డిఫెండింగ్ ఛాంపియన్ ఫొటో గోడ మీద ఉంది, మనిషి లేడు. అదే ఏడు నవంబరు 22న లాస్ వేగాస్‌లో ఒయాసిస్ అనే చౌకబారు మోటల్ ఆరో నంబరు గదిలో మంచం మీద, వేసుకున్న బట్టలతోనే చనిపోయి కనిపించాడు. ఏళ్ల తరబడి మత్తుమందులు గుండెని తినేశాయన్నారు డాక్టర్లు. దగ్గరున్నది దాదాపు 800 డాలర్లు. ఇకముందు ఆడబోయే ఆటల మీద వాటా కోసం స్టూపాక్ ఇచ్చిన అడ్వాన్సులో మిగిలింది అదేనంటారు. ముప్పై మిలియన్లు గెలిచాడని జనం లెక్కగట్టిన మనిషి అంత్యక్రియలకి అక్కడికక్కడ చందాలు ఎత్తాల్సొచ్చింది.

పోకర్ అభిమానులు నాతో రెండు వాదాలు వేస్తారు. ఒకటి, ఆయన పెద్దవాడు, తన దారి తను ఎంచుకున్నాడు. అయ్యా, పెద్దవాడని మీరెప్పుడు ఒప్పుకున్నారు? ఇరవై ఏళ్లు కుర్రాడన్నారు. వాటా పంచుకునేటప్పుడు కుర్రాడు, బాధ్యత పంచుకునేటప్పుడు పెద్దవాడా? పదేళ్ల పిల్లవాడు బారులో పందెం లెక్కలు వింటూ పెరిగినప్పుడు ఎంపిక ఎవరిది?

రెండోది గట్టి వాదమే: పోకర్ అదృష్టం ఆట కాదు, నైపుణ్యం ఆట. నిజమే. దీర్ఘకాలంలో బాగా ఆడేవాడే గెలుస్తాడు, నేను కాదనను. అందుకే అది మరీ క్రూరం. లాటరీలో అందరూ సమానంగా మోసపోతారు. నైపుణ్యం ఆటలో తెలిసినవాడు తెలియనివాణ్ణి వెతుక్కుని, పక్కన కూర్చుని, ఊరడించి, చివరి రూపాయి దాకా లాగుతాడు. చెస్‌లో ఓడిపోతే రేటింగు తగ్గుతుంది. ఇక్కడ ఇంటి అద్దె పోతుంది. బల్ల మీద కొత్త డబ్బు పుట్టదు. ఒకడి జేబులోంచి ఇంకొకడి జేబులోకి మారుతుంది, మారేటప్పుడు మధ్యలో ఇంటి యజమాని తన కోత తీసుకుంటాడు. 1997లో ఒకడు మిలియన్ గెలిచాడంటే 312 మంది కలిసి 31 లక్షల 20 వేల డాలర్లు కట్టారు. ఆ మూడొందల మంది ఇళ్లకెళ్లి భార్యాపిల్లలకి ఏం చెప్పుకున్నారో ఎవరూ సినిమా తీయలేదు.

ఈ కథతో మనకేం పని అనుకోవద్దు. 2003లో టెనెసీకి చెందిన ఒక ఎకౌంటెంటు కొద్ది డాలర్లతో ఆన్‌లైన్‌లో ఆడి, అక్కణ్నుంచి వరల్డ్ సిరీస్‌కి అర్హత సంపాదించి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆయన ఇంటిపేరు నిజంగానే మనీమేకర్. పోకర్ వెబ్‌సైట్లకి అంతకంటే ఏం కావాలి? మూడేళ్లలో అదే పోటీకి 8,773 మంది వచ్చారు. అప్పుడు తయారైన ప్రకటన నమూనానే మన ఫోన్లలోకి దిగింది. నీలాంటి మామూలు మనిషి, నీ బుర్ర, నీ నైపుణ్యం, ఇంట్లో కూర్చుని లక్షలు. పోకర్ బదులు రమ్మీ అన్నారు, ఎందుకంటే సంక్రాంతికి పేక పట్టని ఇల్లు మనకి తక్కువ. క్రికెట్ మధ్యలో, సీరియల్ మధ్యలో సినిమా నటులు వచ్చి ఆడమన్నారు. కింద సన్నటి అక్షరాల్లో వ్యసనం అవుతుందన్న హెచ్చరిక, చదవలేనంత వేగంగా.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ప్రతిసారీ కంపెనీలు కోర్టుకెళ్లాయి, ప్రతిసారీ చూపించిన కాగితం ఒకటే: 1968 తీర్పుగా లాయర్లు చెప్పుకునే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసు. అది మన సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు చేసిన దాడి లోంచి పుట్టింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం ఆట కాదు, ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఎత్తాలో ఏది పడేయాలో తెలియాలి, కాబట్టి అందులో నైపుణ్యమే ఎక్కువ అని సుప్రీంకోర్టు అంది. దీన్ని యాప్‌ల కంపెనీలు మంత్రంలా జపించాయి.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది. పందెం పెట్టి ఆడే రమ్మీ మీద గానీ మరో ఆట మీద గానీ ఆ ఇంటి యజమానో క్లబ్బో లాభం తీస్తున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చునని. ప్రతి ఆటకీ కోత తీసుకుని, ఆ కోత మీదే వేల కోట్ల వ్యాపారం కట్టుకున్న కంపెనీలు ఈ మాట ఏ ప్రకటనలోనూ వేయలేదు. సుప్రీంకోర్టు వర్ణించిన ఆ నైపుణ్యం - ఎత్తిన ముక్క, పడేసిన ముక్క గుర్తుపెట్టుకోవడం - అంగర్ కంటే ఎక్కువ ఎవరికుంది? ఆ నైపుణ్యం ఆయన్ని కాపాడలేదు. అందులో వెయ్యో వంతు లేని మన డిగ్రీ కుర్రాణ్ణి, ఆటో నడిపే తండ్రిని, రాత్రి డ్యూటీ నర్సుని అది కాపాడుతుందని కోర్టులో ప్రమాణం చేసి చెప్పగలరా?

ఈసారి ఆ తీర్పు పట్టుకుని నిలబడే లాయర్లు రెండో మాట కూడా పైకి చదవాలి. చదవకపోతే ధర్మాసనమే అడిగి చదివించాలి. ఒక్కో ఆటకి ఎంత కోత తీశారు, గెలిచినవాళ్లెందరు, పోగొట్టుకున్నవాళ్లెందరు, ఒక్కొక్కరు ఎంత పోగొట్టుకున్నారు - ఈ లెక్క కంపెనీల కంప్యూటర్లలో పైసాతో సహా ఉంటుంది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాకే నైపుణ్యం గురించి మాట్లాడనివ్వాలి.